‘రండి’ అంటే వచ్చే కోతులు

“మా కోతులకి మర్యాద తెలుసండీ. ‘రా’ అంటే చచ్చినా రావు. ‘రండి’ అంటే మాత్రం చెట్టు దిగొచ్చేస్తాయి.”

ఫోన్‌లో ఈ మాట అన్నవాడు ప్రభుదాసు. భీమడోలులో ఉంటాడు, లెక్కల మాస్టారు. బి.ఇడి. చదివేటప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఇన్నేళ్ళ స్నేహంలో అతను నన్ను ఒక్కసారి కూడా ‘ఒరేయ్’ అనలేదు. నేను అతన్ని అనని రోజు లేదు. నాది ప్రొద్దుటూరు. పిల్లలకు సైన్సు చెప్పి చెప్పి రిటైరయ్యాను. తోటివాళ్ళంతా తీర్థయాత్రలు మొదలుపెడితే నేను నోటుబుక్కు ఒకటి పట్టుకుని మా ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లో కోతుల్ని చూస్తూ తిరుగుతున్నాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. నేను పరిశీలన అంటాను.

“ఒరేయ్, కోతికి తెలుగు ఎట్లా వస్తుందిరా?” అన్నాను.

“వచ్చి చూడండి మరి,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నవ్వులాటకి పిలవట్లేదండీ. ఈ కోతుల మూలాన ఒక పెద్దావిడ హోటలు పోయేలా ఉంది. మీరు సైన్సు మనిషి కదా, ఏదైనా దారి చెబుతారని,” అన్నాడు.

సైన్సు మనిషి అన్నాక ఇంక ఆగుతానా? మర్నాడే రైలెక్కాను. అక్కడ నేనేం చెప్పానో, నాకేం జరిగిందో ఆ వైపు వెళ్ళని మీ కోసం రాస్తున్నాను. కొన్ని సంగతులు రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా దాచను.

ఏలూరులో టిఫిను

ప్రభుదాసు ఏలూరు స్టేషనుకొచ్చి నా సంచి లాక్కుని, తిన్నగా ఒక టిఫిను హోటలుకి తీసుకెళ్ళాడు. అక్కడే నాకు ఈ ప్రాంతపు మొదటి పాఠం. మా వైపు ‘వద్దు’ అంటే వద్దనే అర్థం. ఇక్కడ ‘వద్దు’ అంటే ‘ఇంకోసారి అడగండి’ అని అర్థం.

“ఇంకో రెండు ఇడ్లీ వేయమంటారా అండీ?” అన్నాడు వడ్డించేవాడు.

“వద్దు.”

“వద్దంటే ఎలాగండీ, అంత దూరం నుంచి వచ్చారు.”

నేను దూరం నుంచి వచ్చానని వాడికెలా తెలిసిందో నాకు తెలియదు. బహుశా ‘వద్దు’ అన్న తీరు చూసి కనిపెట్టి ఉంటాడు. ఇడ్లీలు పడ్డాయి. వాటి మీద అల్లం పచ్చడి. మా కారం దోసెలు తిని పెరిగిన నాలుకకి ఆ పచ్చడిలో బెల్లమే తగిలింది. “ఏం రా, పచ్చడా పాయసమా?” అన్నాను. ప్రభుదాసు నొచ్చుకోకుండా, “అలవాటైతే బావుంటుందండీ,” అని ఇంకొంచెం వేయించాడు. ప్లేటు ముప్పై రూపాయలు. నా కడుపు మాత్రం మూడు ప్లేట్ల బరువెక్కింది.

కొల్లేరులో మేత

కోతుల కంటే ముందు కొల్లేరు చూపిస్తానని మోటారు సైకిలు మీద లంక ఊళ్ళ వైపు తీసుకెళ్ళాడు. నేను పెద్ద సరస్సు ఒకటి ఊహించుకుని పోయాను. కంటికి కనిపించినంత మేరా చేపల చెరువులే. గట్ల మీద గూడకొంగలు గడ్డం కింద సంచులు వేలాడేసుకుని, వడ్డనకు ఎదురుచూస్తున్న పెళ్ళివారిలా కూర్చున్నాయి.

ఒక చెరువులో సూరిబాబు అనే మనిషి రేకు పడవ మీద నిలబడి తవుడు నింపిన సంచుల్ని కర్రలకు కడుతున్నాడు. సంచికి అడుగున చిల్లులు ఉంటాయి. చేపలు కిందికి చేరి మూతితో పొడిచి తింటాయి. పడవ ఇంకా కర్ర దగ్గరికి చేరకముందే నీళ్ళు సుడి తిరగడం మొదలైంది.

“పిలవకుండానే వస్తున్నాయే!” అన్నాను.

“పిలవడం ఎందుకండీ, పడవ చప్పుడు చాలు. మేత అలవాటైన చేప ఇంక వెతుక్కోదండి. సంచి కట్టే మనిషి వైపే చూస్తా ఉంటది.”

మేము ఎందుకొచ్చామో ప్రభుదాసు చెప్పాడు. సూరిబాబు తెడ్డు పక్కన పెట్టి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: “నాకు తెలీక అడుగుతాను మాస్టారూ. మేం చేపకి మేత వేస్తున్నామంటే రేపొద్దున్న పట్టి అమ్ముకుంటాం. మరి ఆ కోతులకి మేత వేసేవోళ్ళు వాటినేం చేసుకుంటారండీ? కూరొండుకుంటారా?”

నేను పకపకా నవ్వి నోటుబుక్కులో రాసుకున్నాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినా ఇంత చక్కగా ఏనాడూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో చేపల పులుసుతో నాకు మేత పడింది. మూడుసార్లు వద్దన్నాను. ఆరు ముక్కలు పడ్డాయి.

కాలవ గట్టు మీద పాక హోటలు

మర్నాడు పొద్దున్నే భీమడోలు దాటి, ఉంగుటూరు ఇంకా రాకముందు, హైవే నుంచి అర కిలోమీటరు లోపలికి కాలవ గట్టు మీదికి వెళ్ళాం. రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లు, వాటి కింద తాటాకుల పాక, ముందు రెండు బల్లలు. హోటలు మాణిక్యమ్మగారిది. అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పెసరట్టు మాత్రం ఆవిడ చేతి కింద అలా జారి పెనమంతా పరుచుకుంటుంది. ధాన్యం లారీల వాళ్ళు, మిల్లు గుమాస్తాలు, పొలానికి పోయే కూలీలు, అందరూ అక్కడే తింటారు. ఆవిడ బతుకంతా ఆ పాకే.

చెట్టు మీద ముప్పై దాకా కోతులున్నాయి. నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టు, పొడవాటి తోక, మా గుట్టల్లో ఉండే రకమే. బుద్ధిగా కూర్చున్నాయి. నేను పెన్ను తీశాను. ఇంతలో ఒక లారీ డ్రైవరు సందు తిరిగాడు. మాణిక్యమ్మగారు అట్లకాడ పట్టుకునే నోరారా నవ్వి, “రండి బాబూ, రండి!” అంది.

బాబు కంటే ముందు కోతులొచ్చాయి. పాక మీదికి ఎనిమిది, బల్ల మీదికి నాలుగు, చట్నీ గిన్నెలోకి ఒకటి. డ్రైవరు గోచీ సర్దుకున్నట్టు లుంగీ ఎగగట్టి లారీ ఎక్కేశాడు. నేను పెన్నుతో సహా బెంచీ కిందికి దూరాను. మాణిక్యమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అయ్యో, మళ్ళీ అనేశానండీ!” అంది.

సంగతి ఏమిటంటే, ఆవిడ ఏళ్ళ తరబడి మిగిలిన ఇడ్లీ, అట్టు ముక్క వాటికి పెడుతోంది. పెట్టేటప్పుడు పిలవాలి కదా!

“‘రా’ అని పిలవొచ్చు కదమ్మా?” అన్నాను.

ఆవిడ చెంపలేసుకుంది. “ఆంజనేయస్వామి రూపాన్ని పట్టుకుని ‘రా’ అంటానా మాస్టారూ? నా నోటికి రాదండి. ‘రండి స్వామీ, రండి’ అనే పిలిచేదాన్ని.”

అదే మాటతో గిరాకీని పిలిచింది, అదే మాటతో కోతుల్ని పిలిచింది. మనుషులు తేడా తెలుసుకోగలరు గానీ కోతులెలా తెలుసుకుంటాయి? పైగా కార్లలో పోయేవాళ్ళు ఆగి అరటిపళ్ళు విసిరి, ఫోటోలు తీసుకుని పోతున్నారు. గుంపు పెరిగింది. వెతుక్కుని తినడం మానేసింది. నెల కిందట ఒక కోతి డ్రైవరు చేతిలోంచి గారె లాక్కుంటూ వేలు కొరికేసింది. అప్పుడు సర్పంచ్‌గారు స్వయంగా వచ్చి, టీ తాగి, “ఇంకొక్కరిని కరిస్తే పాక తీయించేయాల్సొస్తుందండీ మాణిక్యమ్మగారూ. ఏమీ అనుకోవద్దు,” అని చెప్పి వెళ్ళారు. మా వైపు అయితే పాక ముందు తీసి తర్వాత మాట్లాడతారు.

ఆ రోజు నుంచి ఆవిడ గింజ కూడా పెట్టలేదు. ‘రండి’ మాత్రం ఆగలేదు.

నేను లేచి, దుమ్ము దులుపుకుని, అక్కడున్న పదిమందికి పాఠం మొదలుపెట్టాను. కోతికి పెట్టడం దాని మీద ప్రేమ కాదు, దాని బతుకు చెడగొట్టడం. దాని కళ్ళలోకి గుచ్చి చూడకూడదు. అది ఆవలిస్తే నిద్రొచ్చి కాదు, కోరలు చూపించి బెదిరిస్తోందని అర్థం. మనం పళ్ళు కనపడేలా నవ్వినా దానికి బెదిరింపులాగే ఉంటుంది. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అన్నిటికీ మించి ఎవరూ ఏదీ పెట్టకూడదు. అందరూ “అవునండీ, అవునండీ,” అన్నారు. అంత బుద్ధిమంతులైన పిల్లలు నా క్లాసులో ఎప్పుడూ లేరు.

కాజా

ఇప్పుడు సిగ్గుపడే భాగం.

ప్రభుదాసు భార్య ఆ పొద్దున నాకు నాలుగు కాజాలు కాగితంలో చుట్టి ఇచ్చింది. వద్దన్నాను, కాబట్టి ఇచ్చింది. వాటిని ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని మరిచిపోయాను. పదకొండు గంటలకు గట్టు మీద ఒంటరిగా కూర్చుని రాసుకుంటుంటే ఒక ఆడకోతి, పొట్టకు పిల్లను హత్తుకుని, నాలుగడుగుల దూరంలో కూర్చుంది. పిల్ల మొహం ఇంతే ఉంది, చెవులు మాత్రం దోసెడు. తల్లి నన్నే చూస్తోంది. చెయ్యి చాపలేదు, అరవలేదు. ఊరికే చూస్తోంది.

శాస్త్రం నాకు తెలుసు. అరగంట కిందటే నేనే చెప్పాను. అయినా నా చెయ్యి వెనక జేబులోకి వెళ్ళింది. ఒక కాజా ముక్క తుంచాను. “రా,” అన్నాను మా ప్రొద్దుటూరు పద్ధతిలో. కదల్లేదు. “రావే,” అన్నాను. మొహం తిప్పుకుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, జీవితంలో మొదటిసారి ఒక కోతికి మర్యాదిచ్చి, “రండి,” అన్నాను. పైగా పళ్ళన్నీ కనపడేలా నవ్వాను.

రెండు చెట్లూ ఖాళీ అయిపోయాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ముక్క పారేసి వెనక్కి తిరిగి పరుగెత్తాను. అది రెండో తప్పు, ఎందుకంటే మిగతా కాజాలు పాకం కారుతూ వెనక జేబులోనే ఉన్నాయి. ఒక పెద్ద మగకోతి జేబుతో పాటు జేబు కింద ఉన్నదాన్ని కూడా కరిచిపట్టుకుంది.

కేక విని అందరూ వచ్చారు. ప్రభుదాసు నన్ను పాక వెనక బోరు దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు పెట్టి కడుగుతూ గడియారం చూస్తూ నిలబడ్డాడు. “పదిహేను నిమిషాలు కడగాలని మీరే చెప్పారు కదండీ,” అన్నాడు. లెక్కల మాస్టారు, ఒక్క నిమిషం తగ్గించలేదు.

మాణిక్యమ్మగారు పాక గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఇంకొక్కరిని కరిస్తే అన్నారు. ఆ ఒక్కరూ నేనే. అయినా ఆవిడ నోట వచ్చిన మాట ఇదీ: “నా పాక పోతే పోయిందండీ. ముందు మీరు ఆస్పత్రికి బయల్దేరండి.”

నాకు తల కొట్టేసినట్టయింది.

తాడేపల్లిగూడెం ఆస్పత్రి

ఆటోలో తాడేపల్లిగూడెం దాకా ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. దారిపొడవునా ఆలోచించి, ఆవిడ ఊరి పేరు బయటికి రాకూడదని నిశ్చయించుకున్నాను.

“ఎక్కడ కరిచిందండీ?” అంది నర్సమ్మ, చీటీ రాస్తూ.

“కూర్చునే చోట.”

“అది కాదండీ, ఏ ఊళ్ళో?”

“మా ఊళ్ళో.”

“మీదే ఊరండీ?”

“ప్రొద్దుటూరు.”

“ఎప్పుడు?”

“ఈ పొద్దున్నే.”

ఆవిడ పెన్ను ఆపి నా వైపు చూసింది. “పొద్దున్న ప్రొద్దుటూరులో కరిస్తే మధ్యాహ్నానికి గూడెం వచ్చేశారా? కోతి విమానంలో కరిచిందాండీ?”

వెనక వరసంతా నవ్వింది. నేను నిజం చెప్పాను, కాజాతో సహా. ఆవిడ చీటీ పూర్తిచేసింది. గాయం చుట్టూ ఇంజెక్షన్లు, చేతికి ఇంకొకటి వేసింది. “మళ్ళీ మూడో రోజు రావాలండీ. మిగతావి మీ ఊళ్ళో. ఒక్కటీ మానకూడదు. రేబీస్ వచ్చిందంటే మందు లేదండి,” అని మెల్లగా చెప్పింది. అంత నెమ్మదిగా చెప్పినందుకే ఎక్కువ భయమేసింది.

సాయంత్రం తిన్నగా సర్పంచ్‌గారింటికి వెళ్ళాను. కుర్చీ వేశారు. నిలబడే మాట్లాడాను.

“తప్పు ఆవిడది కాదండీ. పెట్టింది నేను, పిలిచింది నేను. ఆవిడ పాక తీస్తే నేను ఈ జన్మలో ప్రశాంతంగా కూర్చోలేను.”

“ఇప్పుడైనా కూర్చోలేరు కదండీ,” అన్నారు సర్పంచ్‌గారు, ఏ మాత్రం నవ్వకుండా. తర్వాత, “మూడు రోజులు చూస్తానండీ. ఈ మూడు రోజుల్లో ఎవరి మీదికీ రాకపోతే పాక ఉంటుంది. వస్తే మాత్రం నన్నేమీ అనుకోవద్దు,” అన్నారు.

మూడు రోజులు, ఆ మాట లేకుండా

ఎలాగూ మూడో రోజు సూది కోసం ఉండాలి. ఉన్నాను.

సూరిబాబు కొల్లేరు నుంచి పాత వల ఒకటి తెచ్చి పాక ముందంతా కట్టేశాడు. “చేపలు బయట, మనుషులు వలలో. ఎప్పుడూ చూళ్ళేదండీ ఇలాంటిది,” అని తనే మురిసిపోయాడు. ఎంగిలి విస్తళ్ళన్నీ మూతున్న డబ్బాలోకి. నేను ఒక బోర్డు రాసి చెట్టుకు కట్టాను: ‘ఇక్కడ “రండి” అనరు. అయినా రావలెను. కోతులకు ఏమీ పెట్టరాదు. పెట్టి కరిపించుకున్న మాస్టారు లోపల ఉన్నారు, చూడవచ్చును.’ చివరి వాక్యం ప్రభుదాసు చేర్చాడు.

అసలు కష్టం మాణిక్యమ్మగారి నోటిది. గిరాకీ గుమ్మంలోకొస్తే పిలవకుండా ఉండటం ఆవిడకు ఊపిరి బిగబట్టినట్టే. మొదటి రోజు ‘దయచేయండి’ అని చూసింది. మిల్లు గుమాస్తా మొహం మాడ్చుకుని, “నేనేం తప్పు చేశానండీ, వెళ్ళిపొమ్మంటున్నారు?” అని తిరిగి వెళ్ళిపోబోయాడు. ప్రభుదాసు వెనకాలే పరుగెత్తి పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం ‘విచ్చేయండి’ అంది. ఆటో డ్రైవరు ఉలిక్కిపడి తన వెనక ఎమ్మెల్యే ఎవరైనా వస్తున్నారేమోనని వెతికాడు. నేను ‘రా’ అనమని బతిమాలాను. ఇరవై ఏళ్ళ కుర్రాడు వస్తే ధైర్యం చేసి, “రా...” అంది, అంతలోనే నాలుక కరుచుకుని, “...జుగారూ!” అని పూర్తి చేసింది. వాడి పేరు రాజు కాదు. అయినా సంతోషంగా రెండు పెసరట్లు తిన్నాడు.

చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. రెండు చేతులూ జోడించి, కళ్ళతో బల్ల చూపించడం. నోరు మాత్రం గట్టిగా మూసుకునేది.

కోతులు ఊరుకోలేదు. రెండో రోజు మరీ రెచ్చిపోయాయి. పాక మీది తాటాకు పీకి పారేశాయి, వల పట్టుకుని ఊపాయి. ఆ రోజు సాయంత్రం అదే పిల్లతల్లి వల దగ్గరికొచ్చి కూర్చుంది. కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. మాణిక్యమ్మగారి చేతిలో అట్టు ముక్క ఉంది. ఆవిడ ఆ చేతి వైపు చాలాసేపు చూసింది.

“పెట్టనండి,” అంది కోతితో. “ఏమీ అనుకోకండి.”

పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకుంది. పెట్టాలని అంత కోరిక ఉండి, ముక్క చేతిలో ఉండి కూడా పెట్టకుండా ఉండటం నావల్ల కాలేదు. ఆవిడ వల్ల అయింది.

మూడు రోజుల్లో కోతులు మారిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. రెండు మూడు ఇంకా పాక చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. కానీ మూడో రోజు నేను సూది వేయించుకుని వచ్చేసరికి గుంపులో చాలావరకు కాలవ అవతలి మేడిచెట్టు మీద ఉన్నాయి. పళ్ళు దవడల్లో కుక్కుకుంటూ, తిట్టుకుంటూ, మా గుట్టల్లో కోతుల్లాగే కనిపించాయి. సర్పంచ్‌గారు వలలో కూర్చుని టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, “పాక ఉంటుందండీ మాణిక్యమ్మగారూ. వల కూడా ఉండాలి. ఆ మాట మాత్రం...” అని వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. మాట్లాడలేక కాదు, ఆ మాట జారుతుందని భయపడి.

బస్టాపు

“పోయొస్తానమ్మా,” అన్నాను సంచి తీసుకుని.

ఆవిడ నోరు తెరిచింది. “వెళ్ళి...” అంది. అవతలి గట్టు మీద నాలుగు తలలు పైకి లేచాయి. చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంది. సర్పంచ్‌గారు కళ్ళు పెద్దవి చేశారు. నేను, ఫరవాలేదమ్మా అని సైగ చేసి, ప్రభుదాసుతో హైవే మీదికి నడిచాను. ఏదో వెలితిగానే ఉంది. మా వైపు మనిషి పోతుంటే తలుపు దాకా వచ్చి తల ఊపితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఐదు రోజుల్లో నాకూ ఈ మేత అలవాటైపోయింది కాబోలు.

బస్టాపులో నిలబడ్డ పది నిమిషాలకు వెనక చెప్పుల చప్పుడు. మాణిక్యమ్మగారు. ఆ మోకాళ్ళతో అర కిలోమీటరు నడిచి వచ్చింది. రొప్పుతోంది.

“ఏమమ్మా, ఏం జరిగింది?” అన్నాను కంగారుగా.

“ఏం జరగలేదండీ. మిమ్మల్ని ‘వెళ్ళండి’ అని పంపమంటారా? ఎవరినీ అలా పంపలేదండీ నేను. అక్కడ అననివ్వరు కదా, ఇక్కడికొచ్చా.” వెనక్కి తిరిగి దూరంగా కనిపిస్తున్న చెట్ల వైపు ఒకసారి చూసుకుంది. గొంతు బాగా తగ్గించి, మూడు రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారే ఇచ్చేసింది. “వెళ్ళి రండి మాస్టారూ. మళ్ళీ రండి. అమ్మగారిని కూడా తీసుకుని రండి. తప్పకుండా రండి.”

ఇంతలో బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వాలి, గట్టు దాకా వినపడేలా కేకపెట్టాడు: “ఏలూరు, ఏలూరు! రండి, రండి, త్వరగా రండి!”

ముగ్గురం ఒక్కసారే చెట్ల వైపు తిరిగి బిగుసుకుపోయాం. కండక్టరుకి ఏమీ అర్థంకాక తనూ అటే చూశాడు. ఒక్క కొమ్మ కదల్లేదు.

“రాలేదండీ!” అంది మాణిక్యమ్మగారు. నవ్వుతూనే ఇంకాసేపు అటే చూస్తూ నిలబడి, “ఒక్కరూ రాలేదండీ,” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.